నాలుగువందల పదకొండో ఉత్తరం

"ఉత్తరం చేరిందా నాన్నా?" అని గుమ్మంలో గొడుగు దులుపుకుంటూ అడిగాడు ఎకార్ట్. గాట్లీబ్‌కి డెబ్బై ఆరేళ్ళు. ఆయన ఎడమ చెవి ఎప్పుడో గూడ్స్ బండ్ల కూతలకి అంకితమైపోయింది, కుడి చెవి ఆదివారాలు సెలవు పుచ్చుకుంటుంది. "చెర్రీనా? కాదురా, ఇవాళ ఆల్‌బుఖరా కేకు," అని, లోపలికి తిరిగి, "హెడ్విగ్, వీడికి చెర్రీ కావాలిట," అని ప్రకటించాడు. తల్లి తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి, "నోరు తెరిచి ఒకటి అడిగి ఎన్నాళ్ళయిందిరా," అని కొడుకు చెంప నిమిరి, సీసా కోసం నేలమాళిగలోకి దిగిపోయింది. పక్కింటి బోల్టె, కత్తెర వదిలినా నోరు వదలని మాజీ మంగలి, సోఫాలోంచి, "ముప్ఫై ఎనిమిదేళ్ళ మగాడికి వేవిళ్ళు. పత్రికలో వేయించాలి," అన్నాడు. నేనన్నది చెర్రీ కాదు, చేరిందా అని, అని చెప్పబోయి ఎకార్ట్ ఆగిపోయాడు. చెప్తే మళ్ళీ అడగాలి, అడిగితే జవాబు వినాలి. ఆ జవాబు కోసమే పది రోజులుగా నిద్ర మాని, పొద్దున్నే హాంబుర్గ్‌లో రైలెక్కి, మధ్యలో బండి మారి, వానలో స్టేషను నుంచి నడిచి వచ్చిన మనిషికి సరిగ్గా గుమ్మంలోకి వచ్చేసరికి ఆ జవాబు వద్దనిపించింది. చెర్రీలే నయం. వాటిలో గింజలుంటాయి గాని నిజాలుండవు.

ముందుగదిలో అడుగుపెట్టేసరికి జవాబు తనే ఎదురొచ్చింది. బల్లమీద తెల్లటి గుడ్డ, అయిదు కప్పులు, మధ్యలో చక్కెర గిన్నె, గిన్నెకి వీపు ఆనించి నిలబడి ఉంది అతని ఉత్తరం. మూలన అతని చేతిరాతలోనే నం. 412. దాని పక్కన తండ్రి వేసిన ఊదారంగు ముద్ర, అందినది, తారీఖుతో సహా. అంటుపెట్టిన అంచు అంటుపెట్టినట్టే ఉంది. విప్పలేదు. విప్పలేదు అనుకోగానే ఊపిరి వచ్చింది, ఎందుకు విప్పలేదు అనుకోగానే వచ్చిన ఊపిరి వెనక్కి పోయింది. ఎందుకంటే వారంలో వచ్చిన ఉత్తరాన్ని ఆదివారం మూడున్నరకి, కాఫీ పోశాక, నలుగురి ముందు కత్తితో కోసి గట్టిగా చదవడం పంతొమ్మిదేళ్ళుగా ఈ ఇంట్లో జరుగుతున్న పూజ, మేజోళ్ళు చిరిగిపోయాయి అని అతను గట్టింగెన్ కాలేజీ నుంచి రాసిన ఒకటో నెంబరు దగ్గర్నించీ. కొడుకు రచయిత అయ్యాడు, ఏడు నవలలు అచ్చయ్యాయి, వాటిని ఈ వీధిలో ఎవరూ చదవలేదు, చదవనక్కర్లేదు కూడా, ఆదివారం ఆదివారం వచ్చి కేకు తింటూ అతన్ని వింటారు. బోల్టె ఒక ఉత్తరం విని, "ఈ వారం ఉప్పు తగ్గింది," అన్నాడట. రాతగాడి తలరాత అది. అతను ఇంటికి రాయడం మానేసి ఎన్నాళ్ళయిందో, రాస్తున్నది సోఫాకి, కేకుకి, కాఫీ ఆవిరికి. ఈ నాలుగువందల పన్నెండో నెంబరు ఉత్తరం క్రితం ఆదివారమే పూజకి రావాల్సింది. మరి ఎందుకు రాలేదు.

"పదకొండు రాలేదురా," అన్నాడు గాట్లీబ్ కుర్చీ లాక్కుంటూ. "నాలుగువందల పది తర్వాత తిన్నగా పన్నెండు వచ్చింది. పదకొండు చదవకుండా పన్నెండు ఎలా చదువుతాం. నలభై ఏళ్ళు గూడ్స్ ఆఫీసులో చేశాను, ముందు వ్యాగను దింపకుండా వెనక వ్యాగను సీలు తియ్యలేదు."

"ముందు కథ తెలియకుండా వెనక కథ ఏం అర్థమవుద్ది," అన్నాడు బోల్టె. "నేనూ అదే అన్నాను. అంటే, విప్పమన్నాను. వినలా."

ఎకార్ట్ కూర్చున్నాడు. పదకొండు. పదకొండు రాలేదు, ఎలా వస్తుంది, అది హాంబుర్గ్‌లో అతని వంటింటి చెత్తబుట్టలో పదకొండు ముక్కలై పడి ఉండి, ఆ చెత్తబుట్ట కూడా ఏ మంగళవారమో ఖాళీ అయిపోయి ఉంటే. దాన్ని చింపిన బుధవారం సాయంత్రం తండ్రి దగ్గర్నించి కార్డు వచ్చింది. ప్రతి ఉత్తరానికీ ఒక కార్డు వస్తుంది, నం. ఫలానా అందినది, స్థితి బాగు, గాట్లీబ్, ఇంతే, పంతొమ్మిదేళ్ళలో ఒక్క ముక్క ఎక్కువ లేదు. ఈసారి ఎక్కువుంది. నం. 410 అందినది. మూడో పేజీలో మారియన్నెకి వచ్చిన జలుబు 388లో వచ్చిన జలుబే, తుమ్ములు రాత్రంతా లెక్కపెట్టిన వాక్యంతో సహా. గమనించగలవు. ఏడు నవలలకి ఏ విమర్శకుడూ పట్టుకోని తప్పు రైల్వే గుమాస్తా పట్టుకున్నాడు. పట్టుకోవడం సరే, ఏం పట్టుకున్నాడో ఆయనకి తెలియదు, అదే ఎకార్ట్ ఒళ్ళు మండించింది. మారియన్నెకి జలుబు లేదు. మారియన్నే లేదు. రెండేళ్ళ క్రితమే అతని భార్య పియానోతో సహా వెళ్ళిపోయింది, నలుగురు కూలీలు పియానోని మెట్లమీంచి దించుతుంటే ఒక్కో మెట్టుకీ ఒక్కో స్వరం మోగింది, తర్వాత ఇల్లంతా నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దంలో కూర్చుని అతను ఉత్తరం చివర యథాప్రకారం మారియన్నె నమస్కారాలు చెప్పమంది అని రాశాడు. ఒకసారి రాశాక మానడం ఎలాగో తెలియలేదు. ఇక్కడికి ఎందుకు రాదంటే జలుబు, స్కూల్లో సంగీతం పరీక్షలు, మళ్ళీ జలుబు. నవలల్లో మనుషుల్ని పుట్టించడం అతని వృత్తి, ఉత్తరాల్లో పోయిన మనిషిని పోనివ్వకపోవడం ఎవరి వృత్తో తెలియదు.

తల్లి చెర్రీల సీసాతో పైకొచ్చి మూత తీయలేక కొడుకు చేతికిచ్చింది. "మారియన్నె రాలేదేం?" అంది. పరీక్షలమ్మా, అంది అతని నోరు, అతన్ని అడక్కుండానే. "ఆ పిల్లకి నీలం శాలువా అల్లుతున్నాను. పోయేటప్పుడు పట్టుకెళ్దువు గాని. అంచు ఒకటి మిగిలింది." సీసా మూత తిరగలేదు. అతను దాని మెడ పట్టుకుని తిప్పుతూనే ఉన్నాడు. ఆ బుధవారం కార్డు చూశాక అతను ముందు 411 మొదలుపెట్టాడు, తియ్యగా, నాన్నా నీ కళ్ళు ఇంకా చురుకే, నిజమే, పాపం దానికి ప్రతి శరత్కాలంలోనూ అదే జలుబు. అర పేజీ అయ్యాక కలం పెట్టేశాడు. చింపేశాడు. చింపి, కొత్త కాగితం తీసి, దాని నెత్తిన 412 అని వేశాడు. 411 అనే వేసి ఉండొచ్చుగా. ఏ దేశంలో ఏ కొడుకైనా 411 అనే వేస్తాడు. కాని ఆరేళ్ళ వయసులో గూడ్స్ ఆఫీసు స్టూలు మీద కూర్చోబెట్టి తండ్రి నేర్పిన మొదటి పాఠం, ఎకార్ట్, చెడిపోయిన ఫారానికి కూడా నెంబరు నెంబరే, వాడిన నెంబరు మళ్ళీ వాడకూడదు. అది ఆయన సంఖ్యాశాస్త్రం, ఇతనికి సంకెళ్ళశాస్త్రం. కోపంతో తండ్రిని నాలుగు పేజీల్లో నిలువునా కడిగెయ్యబోతూ కూడా, నెంబరు మాత్రం తండ్రి చెప్పినట్టే వేశాడు. ఆయన దగ్గర వావి లేకపోయినా వరస ఉండాలి. ఆ వరసే ఇవాళ ఉత్తరాన్ని కాపాడుతోంది. ఎన్నటికీ రాని పదకొండు కోసం పన్నెండు ఎన్నటికీ నోరు విప్పదు. ఈ ఆలోచన రాగానే అతనికి నవ్వొచ్చింది, ఆకలేసింది, సీసా మూత కూడా టప్పున ఊడింది.

ఊడిన చప్పుడుకి బల్లకి అవతలి కొసన కూర్చున్న మనిషి ఉలిక్కిపడింది. ట్రూడె కాపెల్. ఆవిడ ఉన్నట్టే అతను ఇంతవరకూ గమనించలేదు. యాభై ఎనిమిదేళ్ళు, పసుపు సైకిలు, పంతొమ్మిదేళ్ళుగా ఈ వీధికి ఉత్తరాలు తెచ్చేది ఆవిడే. అరవై మూడో సంవత్సరం చలికాలంలో మోకాలిలోతు మంచులో సైకిలు వదిలేసి నడిచొచ్చి 174వ ఉత్తరం ఇచ్చి, చలికి ఇంట్లోకి రమ్మంటే వచ్చి, చదువుతుంటే నిలబడే విని, ఆ తర్వాత ప్రతి ఆదివారమూ కూర్చుని విన్నది. ఇవాళ ఇస్త్రీ జాకెట్టు వేసుకుని, కేకు ముట్టకుండా, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని స్కూలు పిల్లలా కూర్చుంది. ఆ చేతుల కణుపులు వానకి ఉబ్బి ఉన్నాయి.

"తినండి కాపెల్‌గారూ," అన్నాడు గాట్లీబ్. "విచారణ వేరు, కాఫీ వేరు."

"మీకు వేరేనండి," అంది ఆవిడ. "నాకు రెండూ ఒకే గొంతులోంచి దిగాలి."

ఏం విచారణ అని ఎకార్ట్ అడగక్కర్లేకపోయింది. తండ్రి లేచి, బీరువాలోంచి పచ్చ కాగితం ఒకటి తెచ్చి, అతని పళ్ళేనికి సమాంతరంగా పెట్టి, పైన కలం అడ్డంగా పెట్టాడు. తప్పిపోయిన తపాలా గురించి ఫిర్యాదు. అన్ని గడులూ నింపేసి ఉన్నాయి, ముత్యాల్లాంటి గుండ్రటి అక్షరాలు, ఒకటే గడి ఖాళీ, పంపినవారి సంతకం. నాలుగువందల పదకొండో నెంబరు ఉత్తరాన్ని నేను తపాలాలో వేసినట్టు ధ్రువీకరిస్తున్నాను. "నీకు పంపుదామనుకున్నాను. నువ్వే వచ్చావు. కాఫీ అయ్యాక సంతకం పెట్టు. పోస్టాఫీసులో నోటిమాటగా చెప్పాను, రేపు తొమ్మిదింటికి పెద్దాఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు." తండ్రి ఈ మాట ఆవిడ వైపు చూడకుండా అన్నాడు, క్రూరంగా కాదు, బండి రాకపోకలు చెప్పినట్టు. బోల్టె గొంతు తగ్గించి, అంటే వీధి చివరిదాకా మాత్రమే వినిపించేట్టు, ఎకార్ట్ చెవిలో అన్నాడు, "ఏడేళ్ళ కిందట వాగు పొంగినప్పుడు ఆవిడ సంచీ నీళ్ళలో పోలా? అప్పుడొక హెచ్చరిక ఉంది. ఇది రెండోది. పోస్టు తెచ్చే మనిషి పోస్టే ఊడుద్ది."

కేకు వచ్చింది. మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నాడు. సంతకం పెడితే ఏమవుతుంది, ఏమీ కాదు, ఒక గీత, పుస్తకాల షాపుల్లో ఎన్ని వేల గీతలు గీశాడు, ఎవరి ఉద్యోగమూ పోలేదు. పెడితే పదకొండు ఉన్నట్టు, ఉంటే తప్పిపోయినట్టు, తప్పిపోతే దొరికేదాకా పన్నెండు చక్కెర గిన్నెకి ఆనుకుని ఉంటుంది, తర్వాత ఫైలులోకి పోతుంది, సీలు విప్పకుండా, తండ్రి బతికున్నన్నాళ్ళూ. మారియన్నెకి జలుబు తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. నీలం శాలువా పూర్తవుతుంది. ఆవిడని ఊరికే ఇంటికి పంపేస్తారా, లోపల గదిలో ఉత్తరాలు వేరుచేసే పనిలో పెడతారేమో, కూర్చుని చేసే పని, వానుండదు, మంచుండదు, ఆ కణుపులకి అదే మంచిది, ఆలోచిస్తే ఇది ఆవిడకి మేలు చేయడమే. ఇలా ఎవరైనా తన నవలలో ఆలోచిస్తే వాడి గురించి పాఠకుడు ఏమనుకోవాలో ఎకార్ట్‌కి బాగా తెలుసు, అలాంటి వాళ్ళనే ఏడు పుస్తకాల నిండా రాశాడు. రెండో ముక్క. నోట్లో కేకు ఉంటే గొంతులో కేక బయటికి రాదు. పెట్టకపోతే. పెట్టనంటే ఎందుకు పెట్టవంటారు. పదకొండు నేను వెయ్యలేదు అనాలి. మరి పన్నెండు అని ఎందుకు వేశావు అంటారు. చింపేశాను అనాలి. ఓహో అంతేనా, అయితే వరస సరిపోయింది, హెడ్విగ్, కత్తి ఇలా ఇవ్వు. అప్పుడు ఆ చేతులు, ఊదా ముద్ర వేసిన ఆ చేతులు, అంచు కోస్తాయి, కళ్ళజోడు సర్దుకుంటాయి, గూడ్స్ స్టేషన్లో ప్రకటన చేసే ఆ గొంతు ఒక్క అక్షరం మింగకుండా చదువుతుంది. నాన్నా, నువ్వు నా తప్పులు లెక్కపెడతావు గనక లెక్క తప్పిన సంగతొకటి చెప్తాను. మారియన్నె వెళ్ళిపోయి రెండేళ్ళయింది. ఆ తర్వాత మీరు విన్న ప్రతి నమస్కారం నేను తయారుచేసిందే. మీ ఆదివారం సభకి నేను పంతొమ్మిదేళ్ళుగా వినోదం సరఫరా చేస్తున్నాను. ఆ మంగలి కోసం జోకులు పెడుతున్నాను. నా ఉత్తరాలన్నీ నీకు అందాయి. నేను ఒక్కసారి కూడా అందలేదు. ఈ చివరి మాట రాసినప్పుడు, దేవుడా, బాగా వచ్చింది వాక్యం అనుకున్నాడు కూడా. కోపంలో కూడా వాక్యం బావుందా లేదా చూసుకున్నవాడు కొడుకెలా అవుతాడు.

గోడ గడియారంలో నాలుగుంపావు. తల్లి మూడో ముక్క వేసింది, పైన చెర్రీలు పోసింది, తినకపోతే ఊరుకోదు. ఒక్క ముక్క చెప్పడం చేతకాక మూడు ముక్కలు తిన్నాడు. ఉత్తరాన్ని మాయం చేస్తే. చక్కెర తీసుకునే నెపంతో చెయ్యి చాపి, ఒళ్ళోకి జార్చి, పొట్టకీ చొక్కాకీ మధ్య. నాలుగు జతల కళ్ళు. పైగా నెంబరు పుస్తకంలో ఎక్కేసింది, ముద్ర పడిపోయింది, ముద్ర పడ్డ దాన్ని మాయం చేస్తే దానికీ ఒక పచ్చ కాగితం వస్తుంది, దానికీ ఇదే మనిషి తల వంచుతుంది. ఎదురుగా ట్రూడె కప్పు పైకెత్తింది, కప్పు సాసరు మీద చిన్నగా గలగలలాడింది, ఆవిడ రెండో చెయ్యి వేసి ఆ చప్పుడుని పట్టుకుంది. ఆ పట్టుకోవడం అతను చూశాడు. రాత్రి రైలు మెట్లమీద, చలిలో, తన వేళ్ళు అలాగే ఇనప కడ్డీని పట్టుకుని ఉన్నట్టు గుర్తొచ్చింది, ఏ రైలో, ఎప్పుడో, చదువుకోవడానికి వెళ్ళిన మొదటిసారి కాబోలు, ప్లాట్‌ఫారం మీద తండ్రి చెయ్యి ఊపలేదు, జేబుగడియారం తీసి బండి సరిగ్గా బయల్దేరిందో లేదో చూసుకున్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు ఈ సంగతి రాశాడో, మూడు నవలల్లో పెట్టాడు. కాని ఆయన గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని చూశాడు కదా, చూడటమేమిటి, విన్నాడు, అప్పటికింకా వినబడే చెవి దగ్గర పెట్టుకుని, తల అటు తిప్పుకుని. తల ఎందుకు తిప్పుకున్నాడు. ఆ ప్రశ్న మూడు నవలల్లోనూ లేదు.

"నేను పోగొట్టలేదండీ," అంది ట్రూడె ఉన్నట్టుండి, ఎకార్ట్‌తోనే. "మీ ఉత్తరం సంచీలో ఉంటే నాకు తెలుస్తుంది. మందంగా ఉంటుంది. దాన్ని అడుగున పెట్టను, నలుగుద్దని. పైనే పెట్టుకుంటాను. ఆ వారం రాలా. వస్తే నాకు తెలీదా?"

"అదే రేపు చెప్పండి," అన్నాడు గాట్లీబ్.

"చెప్తాను. ఎవరు నమ్ముతారు. మీరే నమ్మలా."

గాట్లీబ్ కలం తీసి, మూత విప్పి, పాళీ కొడుకు వైపు తిప్పి పెట్టాడు. ఎకార్ట్ కలం పట్టుకున్నాడు. పాళీ ఖాళీ గడి మీద ఆగింది. ఎ అనే అక్షరం ఒకటి గీస్తే తక్కినవి వాటంతటవే వస్తాయి, చెయ్యికి అలవాటు, చెయ్యికి ఏం తెలుసు. గుండె టపటప కొట్టుకుంటోంది, ఇది కూడా టపాయే, ఎవరికో చేరాలి. చక్కెర గిన్నెకి ఆనుకుని 412 అతన్నే చూస్తోంది. సిరా చుక్క పాళీ కొసన లావవుతోంది, పడితే గడి పాడవుతుంది, ఫారం చెడుతుంది, చెడ్డ ఫారానికి కూడా నెంబరు.

"నాన్నా," అన్నాడు. అన్నాక కుర్చీ జరుపుకుని ఆయన కుడివైపుకి వెళ్ళి కూర్చున్నాడు, మళ్ళీ చెర్రీలు కాకూడదని. "పదకొండో ఉత్తరం లేదు. పోలేదు, అసలు వెయ్యలేదు. రాస్తూ మధ్యలో చింపేశాను. వాడిన నెంబరు మళ్ళీ వాడకూడదని తర్వాతదానికి పన్నెండు వేశాను. కాపెల్‌గారు ఏదీ పోగొట్టలేదు."

గాట్లీబ్ కొడుకు మొహంలోకి చూశాడు. "చింపితే రద్దు చీటీ పంపాలిగా," అన్నాడు.

"పంపాలి. పంపలేదు. కోపంలో ఉన్నాను."

"కోపమెందుకు?"

"నువ్వు జలుబు పట్టుకున్నావు గనక." ఇక ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేడు, కాబట్టి ఆగలేదు. వాక్యాలు బాగా రాలేదు, ఒకదాని తోక ఇంకొకటి తొక్కాయి. మారియన్నె వెళ్ళిపోయిందని, రెండేళ్ళయిందని, పియానో కూడా లేదని, నమస్కారాలన్నీ తనవేనని, శాలువా ఇంక అల్లొద్దని చెప్పాడు. బోల్టెకేసి తిరిగి, మీకోసం జోకులు కల్పించానని కూడా చెప్పాడు. "మొత్తం వాటిలో మూడే బాగున్నాయి," అన్నాడు బోల్టె, కాని గొంతు మెత్తగా ఉంది.

తల్లి చెర్రీల గరిటె చేతిలో పట్టుకునే ఉంది. "మరి ఆ జలుబు ఎవరికిరా?" అంది.

"నాకే అమ్మా. రెండుసార్లూ నాకే."

"రాత్రంతా తుమ్ములు లెక్కపెట్టింది?"

"నేనే."

ఆవిడ గరిటె కింద పెట్టి, అతని పక్కన కుర్చీలో కూర్చుని, అతని మోకాలి మీద చెయ్యి వేసింది. గాట్లీబ్ పచ్చ కాగితం తన వైపు లాక్కుని, స్కేలు పెట్టి ఒక మూల నుంచి ఇంకో మూలకి రెండు గీతలు గీసి, రద్దు అని రాశాడు. బీరువాలోంచి నెంబర్ల పుస్తకం తెచ్చి 411కి ఎదురుగా కూడా అదే రాశాడు. లేచి నిలబడి, కోటు బొత్తాం పెట్టుకుని, "కాపెల్‌గారూ, మీమీద నేను చేసిన ఆరోపణ తప్పు. మిమ్మల్ని నమ్మకపోవడం ఇంకా తప్పు. క్షమించాలి," అని తల వంచాడు. తర్వాత 412 చేతిలోకి తీసుకున్నాడు. ఎకార్ట్ కత్తి కోసం చూశాడు. ఆయన కత్తి తీసుకోలేదు. ఉత్తరాన్ని కోటు లోపలి జేబులో పెట్టుకుని, "ఇది నేనొక్కణ్ణే చదువుతాను. మనసులో," అన్నాడు. బోల్టె ఆయన్ని చూశాడు, కేకు చూశాడు, కేకే ఎన్నుకున్నాడు.

ట్రూడె ఒళ్ళోంచి చేతులు తీసి బల్లమీద పెట్టింది. తన పళ్ళెంలో గంటనుంచి అలాగే ఉన్న ముక్కని ఫోర్కుతో తుంచి నోట్లో పెట్టుకుని, నమిలి, మింగింది. "ఇన్‌స్పెక్టరు రేపు ఎలాగూ వస్తాడు," అంది. "ఆయనకి ఎవరు చెప్తారు?"

"నేను చెప్తాను. పొద్దున మీతోనే వస్తాను. మొదట్నించీ మొత్తం చెప్తాను."

"రండి," అంది ఆవిడ ఇంకో తుంపు తీసుకుంటూ. "నెంబరు సంగతి చెప్పండి, చాలు. మిగతాది మన మధ్య చెప్పారుగా."